రాడార్ రహస్యం సరే, గడువు కూడా రహస్యమేనా?

యుద్ధ విమానం ముక్కులో ఉండే రాడార్ ఎంత దూరం చూస్తుందో చెప్పమని రామచంద్రపురంలో ఎవరూ అడగడం లేదు. శత్రువు దాని కళ్లు గప్పబోతే ఎలా తప్పించుకుంటుందో, ఏ పౌనఃపున్యం నుంచి ఏ పౌనఃపున్యానికి మారుతుందో అడగకూడదని పదో తరగతి పిల్లాడికీ తెలుసు. మేం అడిగేది వేరు. ఫలానా తేదీకి ఇస్తామన్నారు, ఇచ్చారా? ఇవ్వకపోతే ఎందుకు ఇవ్వలేదు? ఆ తేదీ కింద సంతకం ఎవరిది? తేదీ తప్పినందుకు ఆ సంతకం పెట్టినవారికి ఏమైంది? ఈ నాలుగు ప్రశ్నల్లో దేశ భద్రతకు చేటు తెచ్చేది ఒక్కటీ లేదు. అయినా ముప్పై ఏళ్లుగా రక్షణ శాఖ, దాని ప్రయోగశాలలు, దాని ఫ్యాక్టరీలు కలిసి ఈ ప్రశ్నలను కూడా రాడార్ రహస్యాలతో పాటు ఒకే బీరువాలో పెట్టి తాళం వేశాయి. మా అభియోగం ఆ తాళం మీద.

వరి, కొబ్బరి, రైసు మిల్లులు తప్ప యుద్ధ విమానాల ఊసే లేని డెల్టా పట్టణానికి ఈ గొడవ ఎందుకని కొందరికి నవ్వు రావచ్చు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నంతో పాటు కాకినాడ మీద కూడా బాంబులు వేశాయి. ఇక్కడ బస్సెక్కితే గంటలో దిగే ఊరు అది. వచ్చేది శత్రు విమానమని కంటికి కనిపించాక చేయగలిగింది ఏమీ ఉండదని ఈ తీరం ఆనాడే తెలుసుకుంది. పోనీ, అది పాత కథ అనుకుందాం. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో రక్షణకు ఇచ్చింది సుమారు 6.81 లక్షల కోట్ల రూపాయలు. అందులో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ వాటా 26,816 కోట్లు. రామచంద్రపురం బజారులో సబ్బు కొన్నవాడు కట్టిన పన్ను కూడా అందులో ఉంది. లెక్క అడగడానికి అంతకు మించిన అర్హత అక్కర్లేదు.

అడిగేముందు అడుగుతున్నదేమిటో తెలియాలి కనుక ఆ యంత్రం గురించి కొంత చెప్పుకోక తప్పదు. యుద్ధ విమానం రాడార్ సాధారణంగా మూడు సెంటీమీటర్ల అలతో పనిచేస్తుంది. ఇంజనీర్లు దాన్ని ఎక్స్ బ్యాండ్ అంటారు. ముక్కులోంచి చిన్న చిన్న తునకలుగా తరంగాలు పోతాయి, ఎదుటి విమానాన్ని తాకి తిరిగొస్తాయి. పోయి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి దూరం తెలుస్తుంది. కష్టమంతా తిరిగొచ్చే ప్రతిధ్వని దగ్గరే ఉంది. దూరం రెట్టింపయితే ప్రతిధ్వని బలం సగం కాదు, పదహారో వంతుకు పడిపోతుంది. అందుకే రాడార్ చూపును రెట్టింపు చేయాలంటే పవర్ ఒక్కటే పెంచుకుంటూ పోతే పదహారు రెట్లు పెంచాలి. విమానం ముక్కులో అంత చోటూ ఉండదు, అంత కరెంటూ ఉండదు, పుట్టే వేడిని లాగి పారేసే దారీ ఉండదు. ఇది ప్రకృతి పెట్టిన షరతు. దీనికి మాత్రం ఏ మంత్రీ జవాబుదారీ కాడు.

కిందికి చూడటం అంతకన్నా కష్టం. పైకి చూస్తే ఆకాశం ఖాళీ, వెనక్కి వచ్చేది శత్రు విమానం నుంచి వచ్చిన ప్రతిధ్వనే. కిందికి చూస్తే నేల, నీళ్లు, కొండలు, ఇళ్లు అన్నీ కలిసి ఆ విమానం కన్నా వేల రెట్లు గట్టిగా తిరిగి పలుకుతాయి. ఆ రొదలోంచి తక్కువ ఎత్తున వచ్చే విమానాన్ని వేరు చేయాలంటే దాని వేగాన్ని బట్టి తరంగంలో వచ్చే చిన్న మార్పును, డాప్లర్ మార్పును, పట్టుకోవాలి. అది యాంటెనా పని కాదు. యాంటెనా వెనక ఉన్న కంప్యూటర్ పని, ఆ కంప్యూటర్‌లో రాసిన సాఫ్ట్‌వేర్ పని. రాడార్ అంటే పళ్లెం అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ పళ్లెం వెనక లక్షల వరుసల్లో రాసి ఉన్న లెక్కలే అసలు రాడార్. వాటిని ఏ దేశమూ అమ్మదు. పెట్టె అమ్ముతుంది, మూత తీయనివ్వదు.

ఇప్పటి తరం రాడార్లలో పళ్లెం తిరగడం కూడా పోయింది. ఏఈఎస్‌ఏ అనే కొత్త పద్ధతిలో వందలాది చిన్న మాడ్యూళ్లను పలకలా పేరుస్తారు. ఒక్కొక్కటీ తనంత తానే పంపుతుంది, తానే వింటుంది. వాటి మధ్య తరంగాల దశను మార్చి, ఏమీ కదల్చకుండానే, కిరణాన్ని అటూ ఇటూ తిప్పుతారు. ఒక విమానాన్ని వెంటాడుతూనే ఇంకో దిక్కు వెతకవచ్చు. పాతిక మాడ్యూళ్లు చెడిపోయినా రాడార్ గుడ్డిదైపోదు. జపాన్ ఇలాంటి రాడార్‌ను ఎఫ్-2 విమానంలో పెట్టి 2000 సంవత్సరం నాటికే వాడుకలోకి తెచ్చింది. మనకు ఈ రకం రాడార్ ఉన్న రఫేల్ విమానాలు 2020 జులై 29న అంబాలాలో దిగాయి, ఫ్రాన్స్ తయారీ రాడార్‌తో. జాగ్వార్లకు ఇజ్రాయెల్ రాడార్ తగిలించారు. సొంతది ఏమైంది?

ఆ కథ మన తెలుగు నేల మీదే మొదలైంది. 1965లో మిగ్-21 విమానాల ఎలక్ట్రానిక్ పరికరాల తయారీ కోసం హైదరాబాద్ బాలానగర్‌లో ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్ విభాగం పెట్టారు. రష్యన్ నమూనాలు చూసి పరికరాలు చేయడంలో అక్కడి చేతులు ఆరితేరాయి. తేలికపాటి యుద్ధ విమానం పథకం 1983లో మంజూరై, దాని రూపకర్తగా బరంపురం నుంచి వచ్చిన కోట హరినారాయణ పనిచేస్తున్న రోజుల్లో, 1990ల తొలినాళ్లలో ఆ విమానానికి కావలసిన మల్టీమోడ్ రాడార్ బాధ్యతను బెంగళూరులోని ఎల్‌ఆర్‌డీఈ ప్రయోగశాలకూ, హైదరాబాద్ హెచ్‌ఏఎల్‌కూ కలిపి అప్పగించారు. ఒకరు పరిశోధన, ఇంకొకరు తయారీ. కాగితం మీద చక్కగా ఉంది. అనుమతితో పరికరాలు బిగించిన అనుభవం వేరు, లేని పరికరాన్ని ఊహించి పుట్టించడం వేరు అన్న సంగతి ఆ కాగితం రాసినవారికి తట్టినట్టు లేదు. యాంటెనా వచ్చింది. పాత అవ్రో విమానంలో పెట్టి ఎగరేసి చూశారు. వెనక ఉండాల్సిన మెదడు కుదరలేదు. 2002 నాటికే పనితనం అనుకున్నట్టు లేదని బయటకు పొక్కింది. ఆ తర్వాత నాలుగైదేళ్లకు ఇజ్రాయెల్ ఎల్టా కంపెనీ రాడార్ దిక్కయింది. తర్వాత తేజస్ అని పేరు పెట్టుకున్న ఆ తేలికపాటి విమానాల్లో తొలివి ఆ కళ్లతోనే ఎగురుతున్నాయి.

ఓడిపోవడం నేరమని మేం అనడం లేదు. ప్రయోగశాల అన్నాక ఓడిపోతుంది, ఓడిపోకపోతే అది ప్రయోగశాలే కాదు. ఓటమిని పదిహేనేళ్ల పాటు ఓటమి అని పిలవకపోవడం నేరం. ఆ పదిహేనేళ్లలో ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు వచ్చే ఏడాది అయిపోతుందని రాసి సంతకం పెట్టారు. ఆ కాగితాలు ఎక్కడున్నాయి? 2015 మే నెలలో పార్లమెంటు ముందుకు వచ్చిన కాగ్ నివేదిక ఈ విషయంలో మొహమాటపడలేదు. కావేరీ ఇంజను, మల్టీమోడ్ రాడార్, రాడార్‌ను కప్పే రాడోమ్, పైలట్ ముందుండే తెరల వ్యవస్థ, రెక్కల పలకలను కదిలించే యాక్చుయేటర్లు, ఈ అయిదూ సొంతంగా చేస్తామని మొదలుపెట్టి చేయలేకపోయారని తేల్చింది. డెబ్బై శాతం స్వదేశీ అని చెప్పుకొన్న విమానంలో 2015 జనవరి నాటికి నిజంగా ఉన్నది 35 శాతమేనని లెక్క కట్టింది. వాయుసేన ప్రమాణాలకు 53 చోట్ల మినహాయింపులు ఇస్తే గాని ఆ విమానం గడప దాటలేదని రాసింది.

ఇందులో రాడోమ్ సంగతి విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే మన వ్యవస్థ ఎలా పనిచేస్తుందో దానిలో కనిపిస్తుంది. రాడోమ్ అంటే విమానం ముక్కు మీది తొడుగు. గాలినీ వాననూ ఆపాలి, రాడార్ తరంగాలను మాత్రం ఆపకూడదు. మనం చేసుకున్న తొడుగు తరంగాలను మింగేసింది. అంటే ఇజ్రాయెల్ నుంచి డబ్బు పోసి కొన్న కళ్లకు మనమే గంతలు కట్టాం. చివరికి బ్రిటన్‌లోని కోబమ్ కంపెనీ దగ్గర క్వార్ట్జ్ తొడుగు తెప్పించుకున్నాక చూపు మెరుగైంది. రాడార్ ఒకరిది, తొడుగు ఇంకొకరిది, ఇంజను మరొకరిది. రాడార్‌నూ తొడుగునూ కలిపి చూసినప్పుడు దూరం తగ్గుతోందని ఏ రోజు తెలిసింది, తెలిశాక ఎన్నేళ్లు ఊరుకున్నారు? ఇది శత్రువుకు చెప్పకూడని రహస్యమా, ఆడిటర్‌కు చెప్పకూడని రహస్యమా?

కాగ్ నివేదిక వచ్చింది, పోయింది. ఫలానా రాడార్ ఫలానా నిర్ణయం వల్ల విఫలమైంది, ఆ నిర్ణయం ఫలానా వారిది అని ప్రభుత్వం ఈ రోజుకీ దేశానికి చెప్పలేదు. పదోన్నతులు ఆగలేదు. పతకాలు ఆగలేదు. ఆ ఆలస్యం వల్ల వాయుసేన మాత్రం కొత్త విమానం లేక పాత మిగ్‌లను నడుపుకుంటూ వచ్చింది.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఈ రంగంలో పనిచేసినవాళ్లు బల్లల వెనక కూర్చుని జీతాలు తీసుకున్నవాళ్లే కాదు. 1999 జనవరి 11న గాల్లోంచి నిఘా వేసే రాడార్‌ను పరీక్షిస్తున్న అవ్రో విమానం తమిళనాడులోని అరక్కోణం దగ్గర కూలి, వాయుసేన, నౌకాదళ సిబ్బందితో పాటు శాస్త్రవేత్తలు, మొత్తం ఎనిమిది మంది చనిపోయారు. ఆ ప్రాజెక్టు అక్కడే ఆగింది. మళ్లీ మొదలై, నేత్ర విమానంగా 2017లో వాయుసేనకు అందింది. మనుషులు ప్రాణాలు పెట్టిన పని ఇది. అందుకే గడువులను తేలిగ్గా తీసుకోవడం మరీ తప్పు.

సొంత రాడార్ రెండో ప్రయత్నం పేరు ఉత్తమ్. అదే ఎల్‌ఆర్‌డీఈ. ఈసారి తొమ్మిది వందల పైచిలుకు మాడ్యూళ్ల ఏఈఎస్‌ఏ. తేజస్ నమూనా విమానాల్లో పెట్టి ఎగరేశారు. ఇందులో హైదరాబాద్ చేయి చాలా ఉంది. డీఆర్‌డీఓ నుంచి బయటికి వచ్చిన కొందరు 1991లో పెట్టిన ఆస్ట్రా మైక్రోవేవ్ ఇలాంటి యాంటెనా పలకలు, మాడ్యూళ్లు చేస్తుంది. మాడ్యూల్‌లోని గాలియం ఆర్సెనైడ్ చిప్పులు చేసే గేటెక్ కర్మాగారం హైదరాబాద్‌లోనే ఉంది. ఇంకా ఎక్కువ శక్తిని తట్టుకునే గాలియం నైట్రైడ్ చిప్పుల పరిమిత ఉత్పత్తి కూడా అక్కడే మొదలైందని 2024 నవంబర్‌లో డీఆర్‌డీఓ ప్రకటించింది. ఈ మాట చదివి తెలుగువాళ్లం పొంగిపోవచ్చు, తప్పులేదు. కాని ఆ గాలియం అనే లోహం మీద ప్రపంచంలో దాదాపు గుత్తాధిపత్యం చైనాది. 2023 ఆగస్టు 1 నుంచి దాని ఎగుమతికి ఆ దేశం అనుమతులు పెట్టింది. బాక్సైట్ నుంచి అల్యూమినా తీసేటప్పుడు పక్కన దొరికే లోహం అది. పొరుగున ఒడిశాలోనే నాల్కో బాక్సైట్ కొండలున్న మనం దాన్ని సొంతంగా, తగినంత తీసే ఏర్పాటు ఎప్పటికి చేస్తామో మళ్లీ ఎవరూ తేదీ చెప్పరు.

తేదీల దగ్గరికే వద్దాం. 2021 ఫిబ్రవరి 3న 83 తేజస్ మార్క్-1ఏ విమానాలకు సుమారు 48 వేల కోట్ల ఒప్పందం జరిగింది. వాటిలో ముందు వచ్చేవాటికి మళ్లీ ఎల్టా రాడారే. తొలి విమానం 2024 మార్చి నాటికి రావాలి. 2025 ముగిసినా వాయుసేన చేతికి ఒక్కటీ అందలేదు. అమెరికా జీఈ కంపెనీ ఇంజన్లు ఆలస్యంగా ఇవ్వడం నిజం. తొలి ఇంజను 2025 మార్చిలో గాని రాలేదు. అది అందరికీ అనువైన సాకు కూడా. ఇంజను వచ్చిన తర్వాత కూడా రాడార్, క్షిపణి, ఎలక్ట్రానిక్ రక్షణ పరికరం ఒకదాని మాట ఒకటి వినేలా చేసే సాఫ్ట్‌వేర్ పని మిగిలే ఉంది. ఈ ముడి విప్పడం ఎందుకు కష్టమో పైన చెప్పుకున్నాం, పెట్టె మనది కాదు. మన అస్త్ర క్షిపణి హైదరాబాద్‌లో పుట్టింది. 2022 మే 31న 2,971 కోట్లకు దాని ఆర్డర్ అందుకున్న భారత్ డైనమిక్స్ కూడా హైదరాబాద్‌దే. ఆ క్షిపణి దారిలో ఉండగా లక్ష్యం ఎటు తిరిగిందో చెప్పాల్సింది విమానం రాడార్. అది పరాయిది అయినప్పుడు మన క్షిపణిని మన విమానానికి జత చేయడానికి పక్కవాడి గుమ్మం ముందు నిలబడాలి.

2025 సెప్టెంబర్ 25న మరో 97 తేజస్‌లకు 62,370 కోట్లకు పైబడిన ఒప్పందం కుదిరింది. వీటిలో ఉత్తమ్ రాడార్ ఉంటుందని రక్షణ శాఖ స్వయంగా చెప్పింది. సరఫరా 2027-28లో మొదలై ఆరేళ్లు సాగుతుందట. ఆ మర్నాడే, సెప్టెంబర్ 26న, చండీగఢ్‌లో మిగ్-21లకు వీడ్కోలు పలికారు. దాంతో 42 స్క్వాడ్రన్లు ఉండాల్సిన వాయుసేన 29కి దిగింది. 1990ల తొలినాళ్లలో అనుకున్న సొంత రాడార్ పెద్ద సంఖ్యలో గగనానికి ఎక్కేది, అన్నీ చెప్పినట్టే జరిగితే, 2028 ప్రాంతంలో. చెప్పినట్టే జరుగుతుందని నమ్మమంటున్నవారిని ఒక్క మాట అడగాలి. ఇంతవరకు ఏది జరిగింది?

ఈ ప్రశ్న మాది మాత్రమే కాదు. వాయుసేన అధిపతి ఎయిర్ చీఫ్ మార్షల్ ఏపీ సింగ్ 2025 ఫిబ్రవరిలో బెంగళూరు ఏరో ఇండియాలో హెచ్‌ఏఎల్ అధికారులతో, మీ మీద నాకు నమ్మకం లేదని నేరుగా అనేశారు. అది కెమెరాకు చిక్కింది. ఆ ఏడాది మే 29న ఢిల్లీలో పరిశ్రమల పెద్దల ముందు మరింత స్పష్టంగా మాట్లాడారు. సమయానికి పూర్తయిన ప్రాజెక్టు తనకు ఒక్కటీ గుర్తుకు రావడం లేదన్నారు. కాంట్రాక్టు మీద సంతకం పెట్టేటప్పుడే అది వేళకు రాదని ఒక్కోసారి తెలిసీ పెడుతున్నామన్నారు. తెలిసీ పెడుతున్నామన్న మాట దగ్గర ఈ దేశం ఒక రోజు ఆగి ఉండాల్సింది. అబద్ధమని ఇరుపక్షాలకూ తెలిసిన తేదీ మీద వేల కోట్ల ప్రజాధనం కదులుతోందని సర్వీసులో ఉన్న సేనాధిపతి చెబితే పార్లమెంటు దద్దరిల్లి ఉండాల్సింది. మర్నాటి పేపర్లో ఒక కాలమ్ వార్తయి ఊరుకుంది.

ఆ మాట అన్న సందర్భాన్ని కూడా మర్చిపోకూడదు. అంతకు మూడు వారాల ముందు, మే 7 నుంచి, ఆపరేషన్ సిందూర్ పోరు. ఎదుటి పక్షం దగ్గర ఏఈఎస్‌ఏ రాడార్ ఉన్న చైనా జే-10సీ విమానాలు, వాటికి పీఎల్-15 క్షిపణులు. ఒక పీఎల్-15 ముక్కలు పంజాబ్‌లోని హోషియార్‌పూర్ పొలాల్లో దొరికాయి. పైలట్లు ఒకరినొకరు చూడకుండానే వందల కిలోమీటర్ల మేర సాగిన పోరాటం అది. తొలి దశలో మన విమానాలు కూడా కొన్ని పోయాయని త్రివిధ దళాధిపతి జనరల్ అనిల్ చౌహాన్ మే 31న సింగపూర్‌లో ఒప్పుకున్నారు, ఎన్నో చెప్పలేదు. సంఖ్య చెప్పకపోవడంలో అర్థం ఉంది. యుద్ధం నడుస్తుండగా దాచాల్సినవి ఉంటాయి. కాని అలాంటి పోరులో ముందు చూసినవాడిదే పైచేయి కనుక, ముందు చూసే యంత్రం మనకు ఎందుకు ఆలస్యమైందో శాంతి కాలంలోనూ చెప్పకపోతే ఇంకెప్పుడు చెబుతారు?

తూర్పు డెల్టా రైతుకు గడువు అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు, పూడికలు తీస్తారు, లాకులు బాగుచేస్తారు, జూన్‌లో ఫలానా తేదీకి ధవళేశ్వరం నుంచి నీళ్లు వదులుతామని జలవనరుల శాఖ ప్రకటిస్తుంది. ఆ తేదీ తప్పితే నారుమడులు తప్పుతాయి, సార్వా తప్పుతుంది, కోతలు తుపానుల కాలంలో పడతాయి. అందుకే వారం ఆలస్యమైతే చాలు, రైతులు ఈఈ గారి ఆఫీసు మెట్ల మీద కూర్చుంటారు. ఆయన ఏదో ఒక జవాబు చెప్పి తీరాలి. ఆ మెట్లు ఢిల్లీలో రక్షణ శాఖ ముందు లేవు. ఉన్నా అక్కడ కూర్చోనివ్వరు.

అక్కడ కూర్చోవలసిన కమిటీలు కూర్చున్నాయి, లేచి వెళ్లాయి. డీఆర్‌డీఓను సంస్కరించడానికి 2007 ఫిబ్రవరిలో ఒక కమిటీ వేశారు. దాని అధ్యక్షుడు మన తెలుగువాడు, లోహశాస్త్రంలో పెద్ద పేరున్న పల్లె రామారావు. ఏడాది తిరిగేసరికి నివేదిక ఇచ్చారు. రక్షణ మంత్రి అధ్యక్షతన డిఫెన్స్ టెక్నాలజీ కమిషన్ పెట్టండి, ఏది మనం చేయాలో, ఏది కొనాలో పైనుంచి తేల్చండి అన్నది అందులో ముఖ్యమైన సిఫారసు. 2010లో ప్రభుత్వం సరేనంది. కమిషన్ రాలేదు. 2023లో విజయరాఘవన్ అధ్యక్షతన ఇంకో కమిటీ. 2024 జనవరిలో నివేదిక. ఈసారి ప్రధాని అధ్యక్షతన డిఫెన్స్ టెక్నాలజీ కౌన్సిల్ పెట్టమన్నది సిఫారసు. పదహారేళ్ల తేడాతో రెండు కమిటీలు ఒకే జబ్బుకు ఒకే మందు రాశాయి. రెండో చీటీని ప్రజలకు చూపించను కూడా చూపించలేదు. ప్రయోగశాలల్ని ఎలా నడపాలన్న సలహాలో దాచడానికి ఏ పౌనఃపున్యం ఉందో రక్షణ శాఖే చెప్పాలి.

కాంగ్రెస్ హయాంలో అలా జరిగింది, భాజపా హయాంలో ఇలా జరిగింది అని ఎవరికి కావలసిన ముక్క వారు కోసుకుపోవడానికి ఈ కథ బాగా వీలుగా ఉంటుంది. దయచేసి ఆ శ్రమ తీసుకోవద్దు. విఫలమైన రాడార్ నడిచిన కాలంలో నాలుగైదు ప్రభుత్వాలు మారాయి. తాళం ఒక్కటే మారలేదు.

రాష్ట్ర ప్రభుత్వం దగ్గరికి వస్తే అక్కడ తాళం లేదు, బ్యాండ్ మేళం ఉంది. 2025లో ఏరోస్పేస్, రక్షణ రంగ విధానం ప్రకటించారు. డీఆర్‌డీఓ మాజీ అధిపతి సతీష్‌రెడ్డిని సలహాదారుగా పెట్టుకున్నారు, మంచిదే. విశాఖ–శ్రీకాకుళం, జగ్గయ్యపేట–దొనకొండ, కర్నూలు–ఓర్వకల్లు, లేపాక్షి–మడకశిర, తిరుపతి అంటూ అయిదు ప్రాంతాలను గుర్తించారు. గోదావరి జిల్లాల పేరు లేదు. మాకు ఫ్యాక్టరీ కట్టమని ఈ సంపాదకీయం అడగడం లేదు. మూడు కార్లు పండే భూమిని షెడ్లకు ఇవ్వమనడం కన్నా మూర్ఖత్వం లేదు. మేం అడిగేది ల్యాబ్.

కాకినాడ జేఎన్‌టీయూ పరిధిలోని కాలేజీల్లో ఈసీఈ చదివిన పిల్లలకు మైక్రోవేవ్ ల్యాబ్ గుర్తుంటుంది. రిఫ్లెక్స్ క్లైస్ట్రాన్ అనే గాజుగొట్టం తరం పరికరం, దాని ముందు ఇత్తడి వేవ్‌గైడు, చివర ఒక మీటరు. ఆ క్లైస్ట్రాన్ రెండో ప్రపంచ యుద్ధం నాటి రాడార్ రిసీవర్లలో వాడింది. తమాషా ఏమిటంటే ఆ బెంచీ పనిచేసేది ఎక్స్ బ్యాండ్‌లోనే, ఉత్తమ్ పనిచేసే బ్యాండ్‌లోనే. అంటే మన కుర్రాడు సరైన తరంగాన్నే చేత్తో పట్టుకుంటున్నాడు, ఎనభై ఏళ్ల పాత పరికరంతో. పాఠ్యపుస్తకాల్లో స్కోల్నిక్ రాసిన రాడార్ పుస్తకం ఉంది, విశాఖలో జీఎస్‌ఎన్ రాజు గారు రాసిన రాడార్ పుస్తకమూ ఉంది. ఒక మాడ్యూల్‌ను విప్పి చూసే అవకాశం మాత్రం లేదు. సెమిస్టర్ అయ్యాక రికార్డు పుస్తకంలో గ్రాఫు గీసి, సంతకం పెట్టించుకుని, సాఫ్ట్‌వేర్ కోచింగ్ కోసం అమీర్‌పేట బస్సెక్కుతాడు. హెచ్‌ఏఎల్‌కూ ఎల్‌ఆర్‌డీఈకీ మనుషులు చాలడం లేదని ఎవరైనా అంటే వాళ్లను ముందు ఈ ల్యాబుకు తీసుకురావాలి. డీఆర్‌డీఓ తన దగ్గర పక్కన పడేసిన పాత గాలియం ఆర్సెనైడ్ మాడ్యూళ్లను, రహస్యాలు తీసేసిన ఖాళీ పెట్టెలను అయినా సరే, కాలేజీలకు ఇవ్వలేదా? ఇస్తే ఏ రహస్యం పోతుంది? ఈ పనికి విశ్వవిద్యాలయం కూడా చొరవ చూపలేదు, ఆ తప్పు ఢిల్లీ మీదకు తోయలేం.

రక్షణ శాఖ తరఫున వినిపించే జవాబులు మాకు తెలియనివి కావు. 1998 అణు పరీక్షల తర్వాత అమెరికా ఆంక్షలు పెట్టింది, తేజస్ నియంత్రణ వ్యవస్థ మీద పనిచేస్తున్న మనవాళ్లను అమెరికా నుంచి పంపేశారు. నిజం. ప్రతి దేశపు విమానమూ ఆలస్యమవుతుంది, అమెరికా ఎఫ్-35 ఆలస్యం మనకన్నా ఖరీదైనది. అదీ నిజమే. అయితే ఆ ఎఫ్-35 ఏ నెలలో ఎంత వెనకబడిందో, ఎంత ఖర్చు పెరిగిందో అమెరికా ఆడిట్ సంస్థ ఏటా నివేదిక వేసి బయట పెడుతుంది. ఆ నివేదికలు చదివి శత్రువు ఆ విమానాన్ని కూల్చలేకపోయాడు. గడువు బయట పెడితే భద్రత పోతుందన్న వాదనకు ఇంతకన్నా జవాబు అక్కర్లేదు. ఆలస్యాన్ని పోల్చుకునేవాళ్లు జవాబుదారీని కూడా పోల్చుకోవాలి.

ఇప్పుడు చేయాల్సిన పని చిన్నది. రామచంద్రపురం అమలాపురం లోక్‌సభ స్థానంలో ఉంది. 2001 జనవరి 4న, తర్వాత తేజస్ అని పేరు పెట్టుకున్న విమానం బెంగళూరులో మొదటిసారి ఎగిరిన రోజున, లోక్‌సభ స్పీకర్ కుర్చీలో ఉన్నది ఆ అమలాపురం నుంచే గెలిచిన బాలయోగి గారు. ఆ స్థానంలో ఇప్పుడు కూర్చున్న సభ్యులు వచ్చే సమావేశాల్లో రక్షణ మంత్రికి నక్షత్రం గుర్తు ప్రశ్న ఒకటి వేయాలి. నోటీసు పదిహేను రోజుల ముందు ఇస్తే చాలు. ప్రశ్నలో ఉండాల్సినవి ఇవి: మల్టీమోడ్ రాడార్ పథకాన్ని ఏ తేదీన, ఎవరి ఆదేశంతో మూసేశారు, అప్పటికి ఎంత ఖర్చయింది, ఉత్తమ్ బిగించిన తొలి తేజస్ ఏ నెలలో వాయుసేనకు చేరుతుందని 2025 సెప్టెంబర్ 25 నాటి ఒప్పందంలో రాసుకున్నారు, ఆ నెల తప్పితే హెచ్‌ఏఎల్ కట్టాల్సిన జరిమానా ఎంత, 83 విమానాల ఒప్పందం కింద ఇప్పటివరకు ఎంత వసూలు చేశారు, విజయరాఘవన్ కమిటీ నివేదికను సభ ముందు ఎప్పుడు పెడతారు. రాడార్ ఎంత దూరం చూస్తుందో అడగవద్దు. వీటన్నిటికీ జవాబు వచ్చినా, భద్రతా కారణాల వల్ల చెప్పలేమన్న ఒక్క వాక్యమే వచ్చినా, ఉన్నదున్నట్టు ఇదే పేజీలో అచ్చు వేస్తాం.